ప్లాసిబో నుంచి ఆర్ఐపీ దాకా: చావు చుట్టూ తిరిగిన ఇంగ్లిష్ మాటలు

అందరికీ నమస్కారం, వందనాలు. రెండూ చెప్పాలి కదా ఇక్కడ, సగంమంది చర్చి నుంచి వచ్చారు, సగంమంది ఇంగ్లిష్ మాటల మీద ఏదో చెప్తాడంట అని వచ్చారు. వెనకాల వినపడుతోందా? ఆ ఫ్యాన్ కాస్త తగ్గించు బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

సరే, ఉపోద్ఘాతం ఏం పెట్టుకోను, ఒక మాటతో మొదలుపెడతా. ప్లాసిబో. కోవిడ్ టైంలో మనందరికీ నోటికి అలవాటైపోయింది ఇది, వ్యాక్సిన్ ట్రయల్స్ అన్నప్పుడల్లా కొంతమందికి అసలు మందు ఇచ్చారు, కొంతమందికి ప్లాసిబో ఇచ్చారు అని రోజూ పేపర్లో వచ్చేది. మందు లేని మందు. కానీ ఈ మాట ఇంగ్లిష్‌లోకి వచ్చింది ఆస్పత్రి నుంచి కాదండి, శవం దగ్గర నుంచి.

మధ్యయుగాల ఇంగ్లండ్‌లో, అంటే ఇంకా ఊరంతా క్యాథలిక్కులే ఉన్న రోజుల్లో, ఎవరైనా పోతే పాతిపెట్టే ముందురోజు సాయంత్రం లాటిన్‌లో ప్రార్థన పాడేవాళ్లు. అందులో మొట్టమొదటి మాట ప్లాసిబో. ప్లాసిబో డొమినో ఇన్ రెజియోనె వివోరుమ్, సజీవుల దేశంలో నేను ప్రభువుని సంతోషపెడతాను అని. ఇది కీర్తనల గ్రంథంలోదే, మన తెలుగు బైబిల్లో 116వ కీర్తన 9వ వచనం, కాకపోతే మీరు ఇంటికెళ్లి తీసి చూస్తే సంతోషపెట్టడం అని ఉండదు, సన్నిధిలో కాలం గడపడం అని ఉంటుంది. లాటిన్ వాళ్ల అనువాదం వేరు. మొదటి మాట అదే కాబట్టి మొత్తం ఆ సాయంత్రం ప్రార్థనకే ప్లాసిబో అని పేరు పడిపోయింది. తెల్లారి ఇంకో ప్రార్థన, దాని మొదటి మాట డిరిజె, ప్రభువా నా దారి సరిచెయ్యి అని, అది 5వ కీర్తనలోది. ఆ డిరిజె నలిగి నలిగి డిర్జ్ అయింది. ఇప్పుడు డిర్జ్ అంటే శోకగీతం అని డిక్షనరీలో ఉంటుంది, మనవాళ్లు పరీక్షలో ఎలిజీకి డిర్జ్‌కి తేడా రాయమంటే రాస్తారు కూడా, కానీ అసలు అది ఒక ప్రార్థన పేరు. ఆ తర్వాత పూజ, దాని మొదటి మాట రెక్వియెమ్, విశ్రాంతి. మూడు మాటలూ మూడు ప్రార్థనల తలకాయలు అన్నమాట.

ఇక ప్లాసిబో మందు ఎట్లా అయింది? ఎవరో పెద్దాయన పోయాడు, ప్లాసిబో పాడటానికి వచ్చినవాళ్లకి భోజనం ఉంటుంది, చిల్లర కూడా ఇస్తారు. దాంతో ఆయన మొహం కూడా ఎరగనివాళ్లు వచ్చి గొంతు కలిపి పాడటం మొదలెట్టారు. అట్లా ప్లాసిబో పాడటం అంటే ఇచ్చకాలు పలకడం, కాకా పట్టడం అనే అర్థం వచ్చేసింది. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్ కవి ఛాసర్ తన కథల్లో ఒకదాంట్లో ముసలి యజమాని ఏమంటే దానికి తలూపే మనిషికి ప్లాసిబో అనే పేరు పెట్టాడు, వినేవాళ్లకి వెంటనే అర్థమయ్యేది. అక్కడి నుంచి రోగిని మెప్పించడానికి మాత్రమే ఇచ్చే మందు అన్న అర్థం రావడం పెద్ద దూరం కాదు, 1785 నాటి ఒక వైద్య నిఘంటువులో ఆ మాట కనపడుతుంది.

ఇదంతా సరదాగా ఉంటుంది గానీ నేను చెప్పదలుచుకున్నది వేరే. ఈ మాటలన్నీ ఒకప్పుడు పని చేసినవి. పని అంటే, చనిపోయినవాళ్ల కోసం చేసిన పని. పోయినవాళ్ల ఆత్మ తిన్నగా పరలోకం వెళ్లదు, మధ్యలో ఉత్తరించు స్థలం ఉంది, అక్కడ శుద్ధి కావాలి, భూమ్మీద మనం చేసే ప్రార్థన వాళ్లకి సాయపడుతుంది, ఆ నమ్మకం మీద నిలబడ్డాయి ఇవన్నీ. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ క్యాథలిక్ దారి వదిలి ప్రొటెస్టెంటు దారి పట్టింది, దాన్నే మతసంస్కరణ అంటాం, అప్పుడు ఆ నమ్మకాన్ని చట్టం పెట్టి తీసేసింది. పని పోయింది, మాటలు మిగిలాయి. మిగిలినవి ఊరుకోవు కదా, వేరే వేరే పనుల్లో చేరాయి. ఆ చేరిన కథే ఇవాళ్టి మన ప్రసంగం.

బీడ్ చూడండి. పూస. పాత ఇంగ్లిష్‌లో గెబెడ్ అంటే ప్రార్థన, పూసతో సంబంధమే లేదు. జపమాల తిప్పుతూ బీడ్స్ చెప్తున్నాం అంటే ప్రార్థనలు చెప్తున్నాం అని అర్థం, వేలు మాత్రం పూస మీద కదులుతోంది, చివరికి పేరు పూసకే అంటుకుంది. ఇప్పుడు కుర్తా మీద కుట్టే బీడ్స్ అన్నీ ఆ ప్రార్థన సంతానమే. బీడ్ రోల్ అని ఇంకోటి ఉండేది, అది పూసల దండ కాదు, ప్రార్థనల జాబితా. చర్చికి ఏదైనా ఇచ్చి పోయినవాళ్ల పేర్లు అందులో రాసి, ఆదివారం పూట కొన్ని పేర్లు, ఏడాదికోసారి మొత్తం పేర్లు, పైనుంచి చదివేవాళ్లు, అందరూ వాళ్లకోసం ప్రార్థించాలి. ఆ జాబితాలోకి ఎక్కడానికి డబ్బులు కట్టేవాళ్లు, వెండి గిన్నె ఇచ్చేవాళ్లు, బట్టలు ఇచ్చేవాళ్లు. మన దగ్గర ఫ్యాను రెక్కల మీద ఫలానావారి జ్ఞాపకార్థం అని ఎర్ర పెయింటుతో రాయిస్తాం చూడండి, ఇదిగో పైన తిరుగుతోంది, ఆ టైపే. తేడా ఒక్కటే, ఆ పేరు చదివినవాడు ఊరుకోకూడదు, ప్రార్థించాలి.

మైండ్ కూడా అంతే. మైండ్ అంటే మనకి బుర్ర, మనసు. పాత ఇంగ్లిష్‌లో దాని ముఖ్యమైన అర్థాల్లో ఒకటి జ్ఞాపకం. మంత్స్ మైండ్ అంటే మనిషి పోయాక నెలకి చేసే స్మరణ పూజ, ఇయర్స్ మైండ్ అంటే ఏడాదికి చేసేది. మాసికం, సంవత్సరీకం తెలిసిన మనకి ఇది వివరించక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఆ వాడుక పోయింది, ఐర్లండ్‌లో క్యాథలిక్కులు ఇవాళ్టికీ మంత్స్ మైండ్ అనే అంటారు, పేపర్లో ప్రకటన కూడా వేస్తారు. ఆ ఏడాది పూజకే ఒబిట్ అని కూడా పేరుండేది. ఇప్పుడు ఒబిట్ అంటే పత్రికాఫీసులో సబ్ ఎడిటర్ ముందే రాసి దాచుకునే ఐటెం.

హర్స్, శవాన్ని తీసుకెళ్లే బండి, దీని కథ నాకు భలే ఇష్టం. దుక్కి దున్నాక మట్టిగడ్డలు చితకడానికి పొలంలో లాగే పళ్ల చట్రం ఉంటుందే, ఫ్రెంచ్‌లో దాన్ని ఎర్స్ అంటారు. చర్చిలో శవపేటిక పైన కొవ్వొత్తులు గుచ్చడానికి మేకుల్లాంటివి ఉన్న చట్రం పెట్టేవాళ్లు, అది చూడ్డానికి ఈ పళ్ల చట్రంలా ఉందని ఆ పేరు. ఆ కొవ్వొత్తులు కూడా ఆత్మ కోసమే. మతం మారాక కొవ్వొత్తులు పోయాయి, చట్రం పేరు 17వ శతాబ్దానికి బండికి వచ్చేసింది. ఇంకా వెనక్కి వెళ్తే ఆ పళ్ల చట్రం పేరు ఇటలీలో ఆస్కన్ అనే పాత భాషలో తోడేలు అనే మాట నుంచి వచ్చిందంటారు, తోడేలు కోరలు. అంత దూరం మనకెందుకు లెండి.

కాఫిన్ మాత్రం ఒక్క నిమిషం. యేసు అయిదు రొట్టెలు, రెండు చేపలతో అయిదు వేలమందికి పెట్టాక మిగిలిన ముక్కలు పన్నెండు గంపలు నిండాయి కదా, గ్రీకు సువార్తలో ఆ గంప అన్నచోట ఉన్న మాట కోఫినోస్. అదే లాటిన్, ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లండ్ వచ్చి కాఫిన్ అయింది, మొదట్లో పెట్టె, బుట్ట, ఆఖరికి మాంసం నింపి కాల్చే పిండి దొప్పని కూడా కాఫిన్ అనేవాళ్లు వంటల పుస్తకాల్లో. శవపేటిక అర్థం తర్వాత వచ్చి మిగతా అన్నింటినీ తోసేసింది.

ఇప్పుడు మార్చురీ. ఈ మాట దగ్గర కాస్త ఆగుతాను. మార్చురీ అంటే మనకి గవర్నమెంటాస్పత్రి వెనకాల గది, పోస్ట్‌మార్టం, బయట మెట్ల మీద కూర్చున్న బంధువులు. కానీ 19వ శతాబ్దం దాకా దానికి ముఖ్యమైన అర్థం అది కాదు. ఒక మనిషి చనిపోతే అతని ఆస్తిలోంచి పాస్టరు గారికి, అంటే అప్పటి పారిష్ ఫాదర్‌కి ఇవ్వాల్సిన వస్తువు పేరు మార్చురీ. బతికుండగా చర్చికి కట్టాల్సిన దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, ఏమైనా మర్చిపోయి ఉంటే దానికి బదులు అని లెక్క. మామూలుగా మంచి బట్ట ఒకటో, పశువు ఒకటో పోయేది. ఇంట్లో మనిషి పోయిన బాధలో ఉన్నప్పుడు వచ్చి ఆవుని తోలుకుపోతే జనానికి ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

1511లో లండన్‌లో రిచర్డ్ హన్ అని బట్టల వ్యాపారి, బాగా కలిగినవాడు. అతనికి స్టీఫెన్ అని పిల్లాడు పుట్టాడు, వైట్‌చాపెల్‌లో పాలిచ్చే ఆయా దగ్గర పెంచుతున్నారు, అయిదు వారాలకే పోయాడు. పాతిపెట్టాక అక్కడి ఫాదర్ వచ్చి మార్చురీ కింద ఆ పిల్లాడికి జ్ఞానస్నానం రోజు చుట్టిన గుడ్డ ఇమ్మన్నాడు. హన్ ఇవ్వనన్నాడు. డబ్బు లేక కాదు, అంత డబ్బున్నవాడికి గుడ్డ ముక్క ఒక లెక్కా? అతని వాదన ఏంటంటే, అయిదు వారాల పసివాడికి ఆస్తి ఎక్కడుంది, ఆ గుడ్డ వాడిదే కానప్పుడు వాడి తరఫున ఎట్లా ఇస్తాం అని. ఫాదర్ చర్చి కోర్టుకి వెళ్లాడు, గెలిచాడు. ఆ తర్వాత చర్చిలో హన్ కనపడితే ఈ మనిషి ఉంటే ప్రార్థన నడపను పొమ్మన్నారు. హన్ ఊరుకోలేదు, రాజు కోర్టులో ఎదురు కేసు వేశాడు, రోమ్ పెత్తనం కింద నడిచే కోర్టు నన్నెట్లా విచారిస్తుందని. అది ముదిరి ముదిరి 1514లో అతని మీద మతద్రోహం నేరం మోపి సెయింట్ పాల్ చర్చి దగ్గర బిషప్ జైల్లో పెట్టారు. డిసెంబర్ 4 పొద్దున చూస్తే ఉరికి వేలాడుతున్నాడు. ఆత్మహత్య అన్నారు బిషప్ మనుషులు. విచారణకి కూర్చున్న జ్యూరీ మాత్రం ఆత్మహత్య కాదు, చంపేశారు అని రాసింది. చర్చి ఆ జ్యూరీ మాట కోసం ఆగనే లేదు, చచ్చినవాడి మీద విచారణ నడిపి మతద్రోహి అని తేల్చి శవాన్ని స్మిత్‌ఫీల్డ్‌లో తగలబెట్టారు. లండన్ జనం ఇది మర్చిపోలేదు. 1529లో పార్లమెంటు మార్చురీల మీద చట్టం చేసింది, పేదవాళ్ల దగ్గర తీసుకోకూడదు, పిల్లలు చనిపోతే అసలే తీసుకోకూడదు అని. పిల్లలు అనే ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ గుడ్డే గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లో మతసంస్కరణ ఎందుకొచ్చిందంటే ఎనిమిదో హెన్రీ విడాకులు అని చెప్పి వదిలేస్తాం మనం క్లాసుల్లో, అది సగమే, మిగతా సగం ఇట్లాంటి గుడ్డముక్కల్లో ఉంది.

సరే, హెన్రీ పోయాడు, 1547లో పిల్ల రాజు ఎడ్వర్డ్ వచ్చాడు, ఆ ఏడాదే చాంట్రీలు రద్దు. చాంట్రీ అంటే చనిపోయినవాళ్ల కోసం పూజలు పాడటానికి డబ్బు, పొలాలు పెట్టి జీతానికి ఫాదర్‌ని ఏర్పాటు చేసుకున్న మందిరం, అట్లాంటివి 2,000కి పైగా ఉండేవి, ఆస్తులన్నీ రాజు ఖజానాకి పోయాయి. ఆ తర్వాత రెండేళ్లకి, 1549లో, ఇంగ్లిష్‌లో మొదటి ప్రార్థనా పుస్తకం వచ్చింది, మూడేళ్లకే 1552లో దాన్ని మార్చి రెండోది వేశారు. రెండింట్లో భూస్థాపన ప్రార్థన పక్కపక్కన పెట్టి చదవండి, ఈ మొత్తం గొడవ అక్కడ ఒక్క సర్వనామంలో కనపడుతుంది.

1549 పుస్తకంలో ఫాదర్ గుంట దగ్గర నిలబడి శవం వైపు చూసి తనే మట్టి వేస్తూ, నీ ఆత్మని తండ్రియైన దేవునికి అప్పగిస్తున్నాను, నీ శరీరాన్ని నేలకి, మన్ను మన్నుకి, బూడిద బూడిదకి, ధూళి ధూళికి అంటాడు. నీ అంటున్నాడు చూడండి, పోయిన మనిషితో మాట్లాడుతున్నాడు, ఇంకా ఇక్కడే ఉన్నట్టు. 1552కి వచ్చేసరికి, దేవుడు తన దయ చొప్పున మన ప్రియ సహోదరుడి ఆత్మని తన దగ్గరికి తీసుకున్నాడు కాబట్టి అతని శరీరాన్ని నేలకి అప్పగిస్తున్నాం అని. నీ పోయింది, అతని వచ్చింది. ఫాదర్ ఇప్పుడు చుట్టూ నిలబడ్డవాళ్లతో మాట్లాడుతున్నాడు. మట్టి కూడా ఆయన వెయ్యడు, పక్కనున్నవాళ్లెవరో వేస్తారు. ఆత్మని అప్పగించే పని కూడా లేదు, దేవుడు ఆల్రెడీ తీసుకున్నాడు. మూడేళ్లలో చనిపోయినవాడు సంభాషణలోంచి బయటికి వెళ్లిపోయాడండి. నన్నడిగితే ఇంగ్లిష్ భాషలో చావు గురించి జరిగిన అతి పెద్ద మార్పు ఇదే, కొత్త మాట ఒక్కటీ పుట్టకుండా జరిగింది.

ఇదేదో దూరపు గొడవ అనుకోకండి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు మచిలీపట్నంలో దిగినప్పుడు వాళ్లతో వచ్చింది ఈ ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి, వరసే. మన ప్రొటెస్టెంటు ఇళ్లల్లో ఎవరైనా పోతే ఆదరణ కూడిక పెడతాం, పాస్టరు గారు దుఃఖంలో ఉన్న కుటుంబం కోసం ప్రార్థిస్తారు, పోయినాయన కోసం కాదు. ఆయన గురించి సాక్ష్యం చెప్తాం, అంతే. అదే మన పక్కింటి క్యాథలిక్కులు నవంబర్ 2న సమాధుల పండుగకి వెళ్లి సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, ఆత్మల కోసమే ప్రార్థిస్తారు. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే సమాధుల తోటలో, 1549కి ముందు, 1552కి తర్వాత పక్కపక్కనే ఉంటాయి. ఇప్పుడైతే చాలా ఊళ్లల్లో ప్రొటెస్టెంట్లు కూడా ఆ రోజు పూలు తీసుకుని వెళ్తున్నారు, అమ్మ సమాధి దగ్గరికి వెళ్లడానికి థియాలజీ అడ్డమొస్తుందా ఎవరికైనా.

ఇంగ్లండ్‌లో సమాధి రాళ్ల మీద రాతలు కూడా ఆ 16వ శతాబ్దంలోనే మారాయి. అంతకుముందు రాయి మీద, ఇత్తడి రేకుల మీద, దయచేసి ఫలానా ఆత్మ కోసం ప్రార్థించండి అని ఉండేది, దారిన పోయేవాణ్ణి ఆపి పని చెప్పేది రాయి. ఆ మాటల్ని ఉలితో చెక్కేసినవి ఇప్పటికీ ఇంగ్లండ్ చర్చిల్లో కనపడతాయి, పేరు ఉంచి ప్రార్థన మాత్రం గీకేశారు. తర్వాత తర్వాత సేక్రెడ్ టు ద మెమరీ ఆఫ్ అని వచ్చింది, మన దగ్గర కంపెనీ కాలం నాటి ఇంగ్లిష్ సమాధులు ఎక్కడ చూసినా మొదటి లైన్ అదే. ఆ రాయి మిమ్మల్ని ఏమీ చెయ్యమనదు, చదివి వెళ్లిపొమ్మంటుంది.

సెమెటరీ గురించి అడుగుతారని తెలుసు, చెప్తా. గ్రీకులో కొయ్‌మెతేరియోన్, పడుకునే చోటు. చావుని నిద్ర అనడం మొదటి క్రైస్తవుల పద్ధతి, పౌలు థెస్సలొనీకయులకి రాసిన మొదటి ఉత్తరం 4వ అధ్యాయంలో నిద్రించినవాళ్లు అన్నచోట ఉన్నది ఆ మాట కుటుంబమే. మన పోస్టర్ల మీద ప్రభువునందు నిద్రించిరి అని వేస్తామే, అది అక్కడిదే. అయితే ఇంగ్లిష్‌వాళ్లు శతాబ్దాల తరబడి ఈ మాటని మామూలుగా వాడలేదు, వాళ్లకి చర్చియార్డే, అంటే చర్చి ఆవరణలోని సమాధుల స్థలమే. 19వ శతాబ్దంలో లండన్ చర్చియార్డులు నిండిపోయి, పాతిన చోటే మళ్లీ తవ్వి, వాసన, రోగాలు, ఇక తట్టుకోలేక ఊరి బయట కంపెనీలు పెట్టి, షేర్లు అమ్మి, చర్చితో సంబంధం లేని స్థలాలు తెరిచారు, వాటికి పేరు కావాలి కాబట్టి పాత గ్రీకు మాటని బయటికి తీశారు. 1833లో తెరిచిన కెన్సల్ గ్రీన్ అందులో ముందుది. అక్కడ ఆంగ్లికన్లకి ఒక భాగం, మిగతా సంఘాలవాళ్లకి ఇంకో భాగం. మన సి.పి. బ్రౌన్ 1884 డిసెంబర్‌లో లండన్‌లో పోతే అక్కడే పాతిపెట్టారు. జీవితమంతా తెలుగు మాటలకి అర్థాలు రాసినాయన, లండన్ వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే ఓసారి వెళ్లి రండి.

టైం అయిపోతోంది అంటున్నారు, ఇంకొక్కటే. మొదటి ప్రపంచ యుద్ధం. లక్షల్లో కుర్రాళ్లు పోయారు, చాలామంది శవాలు ఇంటికి రాలేదు, కొందరివి దొరకనే లేదు. అంతవరకు చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించకూడదు అన్న ఇంగ్లండ్‌లో తల్లులు ఆగలేదు. ఆ యుద్ధ సంవత్సరాల్లోనే ఆంగ్లికన్ చర్చిలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన మళ్లీ బహిరంగంగా వినపడింది. ఇటు ప్రభుత్వం వైపు నుంచి లట్యెన్స్, మన ఢిల్లీ కట్టినాయనే, 1919లో కర్రా ప్లాస్టరుతో సెనొటాఫ్ నిలబెట్టాడు, ఖాళీ సమాధి అని గ్రీకు, జనం పూలు పెట్టి పెట్టి వదలకపోతే 1920లో రాతితో కట్టారు. దాని మీద సిలువ లేదు, కావాలనే పెట్టలేదు, పోయినవాళ్లలో హిందువులు, ముస్లింలు, సిక్కులు కూడా ఉన్నారు కాబట్టి. 1919 నవంబర్ 11న రెండు నిమిషాలు మౌనం. ఎవరి ప్రార్థన వాళ్లు లోపల చేసుకోవచ్చు, చెయ్యకపోయినా ఎవరూ అడగరు. రిమెంబ్రెన్స్ అనే మాట ఆ తర్వాత, 1921లో వచ్చిన గసగసాల పువ్వు బ్యాడ్జీతో కలిసి, ఒక ప్రభుత్వ కార్యక్రమం పేరైంది.

ఆ, ముందు వరసలో అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా. ఆర్ఐపీ అని పెట్టొచ్చా పెట్టకూడదా? వాట్సాప్ గ్రూపులో పాస్టరు గారు వద్దన్నారా? మంచి ప్రశ్న. లాటిన్‌లో రెక్వియెస్కాట్ ఇన్ పాచె, సమాధానంతో, అంటే శాంతితో, విశ్రమించును గాక. ఇంగ్లిష్‌లో రెస్ట్ ఇన్ పీస్ అన్నా అవే మూడక్షరాలు కలిసొచ్చాయి, అందుకే మతం మారినా రాళ్ల మీద ఇది బతికిపోయింది. కానీ ఆ గాక ఉంది చూశావా, అది ప్రార్థనే, పోయిన మనిషి కోసం చేసే ప్రార్థన. ఉత్తర ఐర్లండ్‌లో 2017లో, మతసంస్కరణకి 500 ఏళ్లు అయిన సందర్భంలో, అక్కడి ప్రొటెస్టెంటు సంఘం ఆరెంజ్ ఆర్డర్ వాళ్ల పత్రికలో మనవాళ్లు ఆర్ఐపీ అని రాయకండి అని రాశారు, పెద్ద చర్చే అయింది. కాబట్టి మీ పాస్టరు గారు చరిత్ర ప్రకారం కరెక్టే. నువ్వు పెట్టినా ఆ ఇంటివాళ్లకి బాధేం ఉండదు, వాళ్లు అప్పటికే మూడొందల ఆర్ఐపీలు చూసుంటారు, ఒక ఫోన్ చెయ్యి. ఇంకెవరైనా? సరే, టీ వచ్చిందంట, లేవండి.